దాల్చినచెక్క సిరప్ మూడో రోజుకి బెండకాయ జిగురులా సాగుతోంది, ఏం చేయాలి?

క్రిస్మస్‌కి కాఫీలోకి, రమ్ కాక్‌టెయిల్స్‌లోకి కలిపేలా మసాలా సిరప్ చేస్తున్నాను. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఇదే గొడవ.

కొలతలు: పంచదార 500 గ్రాములు, నీళ్లు 250 మి.లీ., దాల్చినచెక్క 4 ముక్కలు, లవంగాలు 8, అనాసపువ్వులు 2, చిన్న అల్లం ముక్క. సన్న సెగ మీద 20 నిమిషాలు మరిగించి, చల్లారాక వడకట్టి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను.

మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. మూడో రోజు చెంచా ముంచి ఎత్తితే తీగలా సాగుతుంది. వేడి కాఫీలో తెలియదు కానీ, ఐసు వేసిన గ్లాసులో మాత్రం అడుగున దారాల్లా తేలుతుంది, చూడ్డానికే బాగోదు. పుల్లటి వాసన, నురగ, బూజు ఏమీ లేవు, కాబట్టి పాడైందని అనుకోను.

మొదటిసారి చెక్క పొడి వేశాను, అప్పుడైతే ఇంకా ఘోరం. రెండోసారి ముక్కలు వేసి, పల్చటి గుడ్డ రెండు మడతలు పెట్టి వడకట్టాను. కొంచెం తగ్గింది, పోలేదు. సీసాని కూడా వేడినీళ్లలో మరిగించాను. మిగిలిన సిరప్‌ని మళ్లీ వేడిచేస్తే పల్చబడింది, చల్లారగానే మామూలే. లవంగం, అనాసపువ్వుతో మాత్రమే చేసిన చిన్న గిన్నెడు సిరప్‌కి ఈ సమస్య రాలేదు, అంటే దోషం చెక్కదే. నేను వాడేది కిరాణా కొట్లో దొరికే మందపాటి చెక్క.

చెక్క మానేస్తే క్రిస్మస్ రుచే ఉండదు. జిగురు దిగకుండా ఘాటు మాత్రమే దిగాలంటే, చెక్కని ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచాలి?