సెక్యూరిటీలో పైకి రావాలంటే ఎంఎస్ సైబరా, ఎంబీఏనా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. బీటెక్ సీఎస్ఈ, నాలుగేళ్ళ పైనే సాక్‌లో (కంపెనీ నెట్‌వర్క్ మీద దాడులు రాత్రీపగలూ కనిపెట్టే టీమ్) చేస్తున్నా, మొదటి మెట్టు ఎల్1లో మొదలెట్టి ఇప్పుడు ఎల్2. స్ప్లంక్ అనే టూల్‌లో అలర్ట్‌లు చూడటం, ఫాల్స్ పాజిటివ్‌లు (ఉత్తుత్తి అలర్ట్‌లు) క్లోజ్ చేయటం, పొద్దున హ్యాండోవర్ మెయిల్ కొట్టి ఇంటికెళ్ళి పడుకోవటం, ఇదే పని. ఇంట్లో ఏమో అమెరికా వెళ్ళి ఎంఎస్ సైబర్ చెయ్యరా, మామయ్య వాళ్ళబ్బాయి సెటిలయ్యాడు కదా అంటున్నారు, నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడానికి కూడా రెడీ. మా మేనేజర్ మాత్రం టూల్స్ నీకు వచ్చు, ఎంబీఏ చెయ్, సీఐఎస్ఓ (కంపెనీ సెక్యూరిటీ హెడ్) అవ్వాలంటే అదే దారి అంటాడు. లోన్ నలభై లక్షలకి తగ్గేలా లేదు. మీరైతే ఏం చేస్తారు?

డల్లాస్_కుర్రోడు:
బ్రో, ముందు వీసా లెక్క చూస్కో. సైబర్ ఎంఎస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల లిస్టు) కిందకి వస్తది, 12 నెలల ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే పర్మిషన్) మీద ఇంకో 24 నెలలు, అంటే మూడేళ్ళు. మామూలు ఎంబీఏకి ఆ 12 నెలలే, కొన్ని స్కూళ్ళు ఎంబీఏని కూడా స్టెమ్ చేశాయి గానీ చేరే ముందే కాలేజీని అడిగి కన్ఫర్మ్ చేసుకోవాలి. లోన్ తీర్చేవాడికి ఆ రెండేళ్ళ తేడా మామూలు తేడా కాదు, అందుకే నేనైతే ఎంఎస్ అనే అంటా.

కానీ కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పని ముక్క ఒకటుంది. ఇక్కడ సైబర్ జాబులు బోలెడు అంటారు కదా, వాటిలో గవర్నమెంట్, డిఫెన్స్ కంపెనీలవి చాలా ఉంటాయి, వాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, సిటిజన్ కాకపోతే నీ రెజ్యూమే కూడా చూడరు. గవర్నమెంటే ఫీజు కట్టి చదివించే సైబర్‌కార్ స్కాలర్‌షిప్ కూడా సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్ళకే. మనకి మిగిలేది బ్యాంకులు, హాస్పిటళ్ళు, టెక్ కంపెనీలు, కన్సల్టింగ్. ఓపీటీ అయ్యాక కావాల్సిన హెచ్1బీ వర్క్ వీసాలు ఏడాదికి 65 వేలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20 వేలు, పైగా 2026 నుంచి వాటి లాటరీ జీతం లెవెల్‌ని బట్టి, అన్నిటికంటే పై లెవెల్ 4 వాడి పేరు నాలుగుసార్లు పడితే లెవెల్ 1 వాడిది ఒక్కసారే. నీకు ఎక్స్‌పీరియన్స్ ఉంది కాబట్టి ఫ్రెషర్ జీతానికి మాత్రం తలూపకు.

కూకట్‌పల్లి_రెడ్‌టీమ్:
రెండూ వద్దు తమ్మీ. నలభై లక్షలు పెట్టి నీకు తెలిసిన ఫైర్‌వాల్ గురించే మళ్ళీ పరీక్ష రాస్తవా? ఓఎస్‌సీపీ అనే హ్యాకింగ్ సర్టిఫికెట్ చెయ్, దాదాపు 24 గంటల పరీక్ష, మిషన్లు హ్యాక్ చేసి చూపియ్యాలె, అక్కడ బట్టీ నడవదు. తర్వాత సీఐఎస్ఎస్‌పీ, సెక్యూరిటీల పెద్ద సర్టిఫికెట్, దానికి ఐదేండ్ల ఎక్స్‌పీరియన్స్ అడుగుతరు, డిగ్రీకి ఒక్క ఏడాది తగ్గిస్తరు, ఆ ఏడాది నీ బీటెక్‌తోనే వచ్చేసింది, ఎంఎస్ చేసినా ఇంకో ఏడాది తగ్గదు. అంటే నువ్వు ఇయ్యాల్నే ఎలిజిబుల్. ఇగ ఎంబీఏ అంటవా, నెట్‌వర్క్ తెల్వని సీఐఎస్ఓ కింద నేను పనిచేసిన, పాలసీ డాక్యుమెంట్లు తప్ప ఒక్క లాగ్ చదవరాదు ఆయనకి.

బ్యాంక్_రిస్క్_అక్క:
నేను బ్యాంకు రిస్క్ విభాగంలో ఉన్నా, ఇన్సిడెంట్ జరిగినప్పుడు మీ సాక్ వాళ్ళు పంపే మెయిల్ చదివి పై వాళ్ళకి చెప్పేది మా టీమే. అందుకే ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోతున్నా, మీరు ముగ్గురూ డిగ్రీ పేరు దగ్గర ఆగిపోయారు, పని దగ్గరికి రాలేదు.

రాత్రి రెండింటికి మాకు వచ్చే మెయిల్ ఎలా ఉంటుందంటే, "పేరోల్ సర్వర్‌లో లేటరల్ మూవ్‌మెంట్ డిటెక్ట్ అయింది, ఐఓసీలు అటాచ్ చేశాం, ఇన్వెస్టిగేషన్ ఇన్ ప్రోగ్రెస్." తప్పేం లేదు, కానీ ఇది చదివి మా జీఎం ఏం చెయ్యాలి? ఆయనకి కావాల్సింది ఇది: "జీతాల సర్వర్‌లోకి బయటివాడు వచ్చాడు. డేటా పోయిందో లేదో పొద్దున ఎనిమిదికల్లా చెప్తాం. అప్పటిదాకా జీతాల పేమెంట్ ఆపాలా వద్దా మీరు ఇప్పుడే చెప్పాలి." రెండింటిలోనూ విషయం ఒకటే, రెండోది రాయగలిగినవాడు మాత్రం టీమ్‌కి ఒకడుంటే గొప్ప. ఇక్కడ టైమ్ కూడా లేదు, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం విషయం తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి రిపోర్ట్ చెయ్యాలి, లీగల్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పేసరికే సగం టైమ్ అయిపోతుంది.

చెప్పకుండా దాచితే ఏమవుతుందో ఊబర్ కేసు చూడండి. 2016లో డేటా పోతే హ్యాకర్లకి లక్ష డాలర్లు బగ్ బౌంటీ (లోపం కనిపెట్టి చెప్పినవాళ్ళకి ఇచ్చే బహుమతి) పేరుతో ఇచ్చి నోరు మూయించారు, సెక్యూరిటీ హెడ్ జో సల్లివాన్ మీద 2022లో నేరం రుజువైంది, తర్వాతి ఏడాది మూడేళ్ళ ప్రొబేషన్ పడింది. ఆయనకి టెక్నికల్‌గా తెలియక కాదు కదా, ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలి అన్న దగ్గరే దెబ్బతిన్నాడు. ఇది కోర్సులో పెట్టి నేర్పాల్సిన విషయం అని నా గట్టి అభిప్రాయం. సైబర్ మాస్టర్స్ సిలబస్‌లు చూస్తుంటాను, క్రిప్టోగ్రఫీ ఉంటుంది, ఫోరెన్సిక్స్ ఉంటుంది, రాయడం మాట్లాడటం మాత్రం ఉంటే గింటే ఎలెక్టివ్.

కూకట్‌పల్లి_రెడ్‌టీమ్:
అక్కా మెయిల్ మంచిగ రాస్తే హ్యాకర్ ఆగుతడా? అమెరికాల జనం అప్పుల రికార్డులు పెట్టే ఈక్విఫాక్స్ కంపెనీల 2017ల ఏమైంది, వాళ్ళు వాడే అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌ల లోపానికి మార్చిలనే ప్యాచ్ వచ్చింది, వెయ్యలే, 14 కోట్ల పైన జనం డేటా పాయె. నెట్‌వర్క్ ట్రాఫిక్ చూసే బాక్స్‌ల డిజిటల్ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయి నెలలు గడిచినా ఎవ్వడు పట్టించుకోలె, జులైల కొత్తది వేసినంకనే దొంగ ట్రాఫిక్ కనపడ్డది. ఇది పక్కా టెక్నికల్ ఫెయిల్యూర్, ఎంబీఏ వచ్చి ఏం పీకుతది?

బ్యాంక్_రిస్క్_అక్క:
తమ్ముడూ, మంచి కేసే తెచ్చావు, కానీ దాని మీద అమెరికా పార్లమెంటు కమిటీ ఇచ్చిన రిపోర్ట్ పూర్తిగా చదువు. 48 గంటల్లో ప్యాచ్ వెయ్యండని 400 మందికి పైగా మెయిల్ వెళ్ళింది. వెళ్ళినా పని జరగలేదు. సెక్యూరిటీ హెడ్ లీగల్ కింద, ఐటీ హెడ్ వేరే లైన్‌లో, ఆ సర్వర్ ఎవరిదో తేల్చేవాడు లేడు. అందరికీ పంపిన మెయిల్ ఎవరికీ పంపనట్టే. ఆ తర్వాత కస్టమర్ల కోసం కొత్త వెబ్‌సైట్ పెట్టారు, వాళ్ళ ట్విటర్ అకౌంట్ నుంచే దాని బదులు ఇంకొకడు పెట్టిన నకిలీ సైట్ లింక్ ఇచ్చారు. దీన్ని కూడా టెక్నికల్ అంటావా?

మా దగ్గర ఆర్బీఐ 2023 మాస్టర్ డైరెక్షన్‌లో సీఐఎస్ఓ ఐటీ హెడ్‌కి నేరుగా రిపోర్ట్ చెయ్యకూడదని పెట్టింది కూడా ఇందుకే, ఐటీని ప్రశ్నించాల్సినవాడు ఐటీ కిందే ఉంటే నోరెలా లేస్తుంది. నెట్‌వర్క్ తెలియని సీఐఎస్ఓ వద్దన్నావు చూడు, ఆ మాట నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా. నేను టెక్నికల్ బదులు ఎంబీఏ అనట్లేదు. ఇంకొకటి, నువ్వు చెప్పిన ఓఎస్‌సీపీలో కూడా మిషన్లు కొట్టాక ఇంకో 24 గంటల్లో రిపోర్ట్ రాసి పంపకపోతే ఫెయిలే.

కూకట్‌పల్లి_రెడ్‌టీమ్:
రిపోర్ట్ సంగతి కరెక్టే, ఆ పాయింట్ ఒప్పుకుంట. కానీ దానికి రెండేండ్ల డిగ్రీ అక్కర్లే, నాలుగు రిపోర్ట్‌లు రాస్తే వస్తది. నా మాట మీదనే ఉన్న.

డల్లాస్_కుర్రోడు:
అక్క చెప్పింది ఇక్కడ కూడా అంతే. 2023 నుంచి లిస్టెడ్ కంపెనీలు ఇన్సిడెంట్ పెద్దదని తేలిన నాలుగు వర్కింగ్ డేస్‌లో ఎస్ఈసీకి (మన సెబీ లాంటిది) ఫైల్ చెయ్యాలి, ఆ పెద్దదా కాదా అని తేల్చే మీటింగ్‌లో మాలాంటి ఇంజినీర్లని కూర్చోబెట్టి అడుగుతారు, అప్పుడు ఇంగ్లీష్ వచ్చినంత మాత్రాన సరిపోదు బ్రో, డబ్బు భాషలో చెప్పాలి. మా కాలేజీలో ఇదెవరూ నేర్పలేదు.

బ్యాంక్_రిస్క్_అక్క:
నైట్‌షిఫ్ట్ తమ్ముడికి సూటిగా చెప్తా. పొలం తాకట్టు పెట్టకు, కనీసం ఈ ఏడాది. సీఐఎస్ఎస్‌పీ రాయి. డిగ్రీ కావాలనిపిస్తే ఐఐటీ కాన్పూర్‌లో జాబ్ చేస్తూ చదివే సైబర్‌సెక్యూరిటీ ఈమాస్టర్స్ ఉంది, గేట్ అక్కర్లేదు. ఎంబీఏ అనేది నీ కింద నలుగురు పనిచేసి, బడ్జెట్ ఎందుకు కావాలో నువ్వు పైవాళ్ళకి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆలోచించు, అప్పుడైతే ఆ ఫైనాన్స్ క్లాసులు బుర్రకెక్కుతాయి. ఎక్కడ చేరినా ఒకటి అడుగు, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయించి మార్కులు వేస్తారా అని.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
థాంక్స్ అక్కా, అన్నలూ. నిన్న షిఫ్ట్‌లో హ్యాండోవర్ మెయిల్ అక్క చెప్పిన పద్ధతిలో రాశా, ఏమైంది, ఇంకా ఏం తెలియదు, ఎవరు ఏం నిర్ణయించాలి అని. మామూలుగా నా మెయిల్‌కి ఎవరూ రిప్లై ఇవ్వరు, ఈసారి క్లయింట్ సైడ్ మేనేజర్ ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడిగాడు. సీఐఎస్ఎస్‌పీకి చదవడం మొదలెడతా. నాన్నకి పొలం కాగితాలు లోపల పెట్టమని చెప్పాలి, ఆయన ఒప్పుకునేలా ఎలా చెప్పాలో ఇంకా తెలియట్లేదు, ఎవరైనా ఇంట్లో ఈ మాట చెప్పి ఒప్పించిన వాళ్ళుంటే రాయండి.