పాలీప్రొపిలీన్ బాక్సులకు మంట అంటుకోకుండా ఏం కలపాలి?

నమస్తే అండి. మాకు చర్లపల్లిలో చిన్న ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్ ఉంది. ఇళ్లల్లో వాడే కరెంటు జంక్షన్ బాక్సులు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తాం. మొన్న ఒక ముక్కను నిలువుగా బిగించి, కింద దూది పెట్టి, లైటర్‌తో అంటించి చూశాను. మంట పైకి పాకడం ఒక ఎత్తు, కరిగిన బొట్లు మండుతూనే రాలి దూదిని అంటించడం ఇంకో ఎత్తు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బాక్సులున్న గదుల్లోనే పిల్లలు పడుకుంటారు కదా.

మంటను ఆపడానికి కలిపే వాటిలో డెకాబీడీఈ లాంటి బ్రోమిన్ రకం వద్దనుకున్నాను, అది 2017లోనే, హానికర రసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోకి ఎక్కింది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ 200 డిగ్రీల దగ్గరే నీరు వదులుతుంది. మా బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగించే గొట్టం) వేడి 220, అందుకే ముక్క నిండా బుడగలు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 300 డిగ్రీల దాకా తట్టుకుంటుంది గానీ, 60 శాతం వేస్తే తప్ప మంట ఆగలేదు. అంత వేస్తే స్క్రూ బిగిస్తుంటేనే రంధ్రం దగ్గర పుటుక్కున విరుగుతోంది.

మంటలో ఉబ్బి బొగ్గుపొర కట్టే అమ్మోనియం పాలీఫాస్ఫేట్ రకం ఎవరైనా వాడారా? 1.6 మి.మీ. మందంలో యూఎల్ 94 వీ-0 (మంట త్వరగా ఆరిపోవాలి, మండే బొట్లు దూదిని అంటించకూడదు అనే పరీక్ష గ్రేడు) రావడానికి ఎంత శాతం వేశారు? వానాకాలం తేమకు పైన జిగురు తేలుతుందా? బ్యారెల్ వేడి ఎంత పెట్టారో కూడా దయచేసి చెప్పండి.