అప్‌డేట్: సాగర్ టూర్, టీచర్ మీద కేసు, ఇన్సూరెన్స్

తొమ్మిదో తరగతి పిల్లల్ని నాగార్జునసాగర్ తీసుకెళ్లమన్నారు, ఏమైనా జరిగితే కేసు నా మీద పడుతుందా, స్కూల్ ఇన్సూరెన్స్ నన్ను ఆదుకుంటుందా అని అడిగాను కదండీ.

పాలసీ కాగితం ఇప్పించుకుని చదివాను. అది పిల్లల ప్రమాద బీమా మాత్రమే, డబ్బు పిల్లల కుటుంబానికి వెళ్తుంది, టీచర్ మీద దావా వేస్తే అది మనకి పనికిరాదు. దానికి లయబిలిటీ కవర్ (మన మీద దావా పడితే కట్టాల్సిన పరిహారాన్ని భరించే బీమా) వేరేగా ఉండాలి. ఇక నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని రుజువైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్ల వరకు జైలు (దీనికి ముందున్న పాత చట్టం ఐపీసీ సెక్షన్ 304ఎలో 2 ఏళ్లే), ఆ శిక్షకి ఏ బీమా అడ్డురాదు.

పరిహారం సంగతి వేరు. 2014లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన కేసులో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్కరి కుటుంబానికి 20 లక్షలు ఇమ్మంది, అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 కాలేజీ, 10 ప్రభుత్వం కట్టాలని చెప్పింది. యాజమాన్యాలు ఇది చదవాలి.

వెళ్తున్నాను, కానీ డ్యూటీ ఆర్డర్ రాతలో ఇమ్మన్నాను, నీళ్లలో దిగే ప్రోగ్రాం తీసేయించాను. ప్రిన్సిపాల్ గారు మొహం ముడుచుకున్నారు, సరే. లయబిలిటీ కవర్ గురించి మాత్రం ఇంకా జవాబు రాలేదు.