సగం మంది వీడియో చూసి వస్తారు, సగం మంది చూడరు. క్లాసు ఎలా నడపాలి?

లెక్కల_మేడం:
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో పాఠం వీడియో పెడుతున్నాను, చూసి వస్తే క్లాసులో నేరుగా లెక్కలు చేయించొచ్చని. 38 మందిలో పదిహేను మందే చూస్తున్నారు. మిగతా ఇళ్ళలో ఫోన్ ఒక్కటే, అది నాన్నతో పనికి పోయి రాత్రి ఎనిమిదికి వస్తుంది, అప్పటికి చార్జింగ్ ఉండదు, ఉన్నా అక్క వదలదు. చూడనివాళ్ళకి మళ్ళీ మొదటినుంచి చెప్తుంటే చూసినవాళ్ళు అల్లరి. ఒకే పాఠం రెండుసార్లు చెప్పినట్టవుతోంది. మీరెలా చేస్తున్నారు?

పల్లెబడి_సార్:
మేడం, 2020 సెప్టెంబర్ 1న మా తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్ళలో పాఠాలు మొదలైనప్పుడే ఈ తిప్పలు పడ్డాం. మా ఊళ్ళో దాదాపు అందరికీ టీవీ ఉంది, పాఠం టైమ్‌కి పిల్లలు చేలో ఉన్నారు! ఇప్పుడు నేను తిరగేశాను. వీడియో బళ్ళోనే, ఇంటికి కాగితం మీద రెండు లెక్కలు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఇంకోటి, సమీకరణాల్లో పక్షాంతరం చేస్తే, అంటే సంఖ్యని "="కి అవతలి పక్కకి మారిస్తే, దాని ప్లస్ మైనస్ గుర్తు మారుతుందని వీడియో చెప్పేస్తుంది, ఎందుకు మారుతుందో పిల్లవాడికి ఎక్కదు. అక్కడ ఆపి త్రాసు బొమ్మ గీసి, రెండు పక్కలా ఒకే బరువు తీసి చూపిస్తాను. ఇంటి దగ్గరైతే ఎవరు ఆపుతారు?

డిగ్రీ_లెక్చరర్:
ఫోన్ ఉంటే తీరిపోతుందనుకోకండి. మా పిల్లలందరికీ తలా ఒకటుంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు "స్వయం" అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్లో చేసుకోవచ్చు, మావాళ్ళు కొందరు చేరారు కూడా. వీడియో రెండింతల స్పీడులో పెట్టి, సౌండ్ తీసేసి, జేబులో వేసుకుని టీకి పోతారు. అందుకే క్లాసులో అడుగుపెట్టగానే చీటీ ఇస్తాను, ఎక్కడ అర్థం కాలేదో ఒక్క ముక్క రాయాలి. "అంతా అర్థమైంది" అని రాసినవాడినే బోర్డు దగ్గరికి పిలుస్తాను 😄

ఒక_అమ్మ:
టీచర్లకి దండం, రాత్రి తొమ్మిదికి వీడియో పంపకండి. పాఠం అని ఫోన్ తీసుకుని పదకొండు దాకా రీల్స్ చూస్తున్నాడు మావాడు, అడిగితే "మేడం పంపారు" అంటాడు.

లెక్కల_మేడం:
అమ్మా, ఆ "మేడం పంపారు" మా క్లాసులోనూ ఉండే ఉంటుంది, ఇక రాత్రి పంపను. సార్ చెప్పినట్టు బళ్ళోనే చూపిస్తాను, చీటీ కూడా పెడతాను. కాకపోతే వీడియో చూపించే పెద్ద ప్యానెల్ తొమ్మిదో తరగతి గదిలో ఉంది, ముందు ఆ సోషల్ సార్‌ని బతిమాలి పీరియడ్ మార్పించుకోవాలి.