వెనక సీటు హెడ్‌రెస్టులు తీసేస్తే రివర్స్‌లో కనపడుతుందా?

సెల్లార్_కష్టాలు (బ్రాడీపేట)
అన్నలూ, రెండు నెలల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో 2016 మోడల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నా. వెనక సీటుకి మూడు హెడ్‌రెస్టులు. లోపలి మిర్రర్‌లో చూస్తే ముగ్గురు మనుషులు తలకాయలు నిక్కబెట్టి కూర్చున్నట్టే ఉంటుంది. వాటి సందుల్లోంచి నేను రోడ్డు వెతుక్కోవాలి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా స్లాటు రెండు పిల్లర్ల మధ్య. రివర్స్‌లోనే పెట్టాలి. రోజూ టెన్షనే. మూడూ తీసేయొచ్చా? మధ్యది ఒక్కటి తీస్తే చాలా? పోలీసులు ఆపితే ఫైన్ ఉంటుందా? తీసినవి ఎక్కడ పెట్టుకోవాలి? డిక్కీలో పడేస్తే లొడలొడమంటున్నాయి. వెనక ఎక్కేది ఆదివారం మా అత్తామామలు మాత్రమే.

బెంజిసర్కిల్_రోజూ
మధ్యది పీకెయ్ తమ్ముడూ. నాది తీసి నాలుగేళ్లయింది, ఇప్పుడు ఇంట్లో ఏ మూలుందో కూడా తెలీదు. పక్కవి రెండూ కిందికి నొక్కెయ్. కడ్డీ మొదట్లో చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకుని తోస్తే దిగుతాయి. సగం మంది వెనక ఎవరూ లేకపోయినా పైకి లేపే ఉంచుతారు, ఎందుకో నాకర్థం కాదు.

ఆటోనగర్_పాతకాపు
31 ఏళ్లుగా స్టీరింగ్ మీద చెయ్యి ఉన్నోడిని, నా మాట వినండి. లారీకి లోపలి మిర్రర్ ఉండీ లాభం లేదు, వెనక లోడే కనిపిస్తుంది. మరి మేం రివర్స్ కొట్టట్లేదా? రెండు సైడు మిర్రర్లు సరిగ్గా పెట్టుకుంటే హెడ్‌రెస్టులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మిర్రర్‌లో మీ బండి అంచు సన్నగా కనపడాలి, మిగతాదంతా రోడ్డే. రివర్స్‌లో ఎడమ మిర్రర్ కాస్త కిందికి దించుకుంటే వెనక చక్రం, గట్టు రెండూ కనిపిస్తాయి. ఇప్పటి పిల్లలు మిర్రర్‌లో బండి తలుపంతా పెట్టుకుని "కనపడట్లేదు" అంటారు. ఇంకో మాట, ఆ హెడ్‌రెస్టులు పీకి ఇంట్లో పెట్టొద్దు. అవి ఊడొచ్చేలా చేసిందే ప్రమాదంలో కడ్డీతో అద్దం పగలగొట్టుకోడానికి. కంపెనీవాళ్లు ఊరికే పెట్టరు.

ఫిజిక్స్_మాస్టారు (గుంటూరు)
పాతకాపు గారూ, సైడు మిర్రర్ల సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అద్దం పగలగొట్టే కథ మాత్రం వాట్సాప్ కథ. హెడ్‌రెస్టు ఊడొచ్చేది ఎత్తు మార్చుకోడానికి, సీటు మడవడానికి, కవర్లు తొడుక్కోడానికి. అసలు అది ఉన్నది మెడ కోసం. వెనకనుంచి బండి గుద్దితే సీటు మన వీపుని ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, మధ్యలో మెడ నలుగుతుంది. అమెరికాలో ముందు సీట్లకి 1969 నుంచే తప్పనిసరి చేశారు. అద్దాల కోసం కాదు.

కొత్తపేట_ఎల్‌బోర్డు
పిల్లర్ల మధ్య అంటున్నారు కాబట్టి ఒక మాట. రివర్స్‌లో స్టీరింగ్ ఎడమకి కట్ కొడితే ముందు కుడి మూల బయటికి ఊగుతుంది. అందరం వెనకే చూస్తుంటాం. ముందు బంపరు చూసుకోండి.

ఆటోనగర్_పాతకాపు
మాస్టారూ, మీరు బోర్డు మీద చూశారు, నేను రోడ్డు మీద చూశాను. ఇనప కడ్డీ అండీ అది. అద్దం పగలదా?

ఫిజిక్స్_మాస్టారు (గుంటూరు)
పగలకపోవచ్చు. కడ్డీ చివర మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. తలుపు అద్దం టఫెన్డ్ గ్లాసు. దాన్ని పగలగొట్టాలంటే బలమంతా సూదిమొన అంత చోట పడాలి, అదీ మధ్యలో కాదు, మూలన. అందుకే అద్దం పగలగొట్టే చిన్న సుత్తులకి కొన గట్టి లోహంతో వాడిగా చేస్తారు. కారు నీళ్లలో మునుగుతుంటే లోపల కూర్చుని, చెయ్యి వెనక్కి ఎత్తడానికి చోటు లేకుండా, మొద్దు కడ్డీతో ఎన్ని దెబ్బలు కొడతారు? కడ్డీని అద్దానికీ తలుపుకీ మధ్య సందులో దూర్చి మీటితే పగలొచ్చు అంటారు, అదీ గ్యారంటీ లేదు. ఇక ముందు అద్దం లామినేటెడ్. అది పగుళ్లిచ్చినా ఊడదు, దాని జోలికే పోకండి.

కృష్ణలంక_కుర్రోడు
మామా, అన్న అడిగింది రివర్స్ గురించి 😂

సింగ్‌నగర్_వరద
నవ్వులాట కాదు బాబూ. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మా కారు ఇంటి ముందే ఉంది. మేం మేడమీద ఉన్నాం కాబట్టి సరిపోయింది. చూస్తుండగా టైర్లు, తలుపులు, తర్వాత పైకప్పు ఒక్కటే. కళ్ల ముందే బండి మాయమైపోయింది. నీళ్లు దిగాక తలుపు తీస్తే సీట్ల మీద జానెడు బురద. పవర్ విండోలు అప్పటికే చచ్చాయి. అది చూశాక నాకు తెలిసింది ఒక్కటే: నీళ్లు పెరుగుతుంటే హెడ్‌రెస్టు పీకుతూ కూర్చోవద్దు. బెల్టు తియ్యండి, కరెంటు ఉండగానే అద్దం దించండి, దూరి బయటికి రండి. బయట నీళ్లు నెడుతుంటే తలుపు తెరుచుకోదు. చిన్న సుత్తి కొనుక్కుని చేతికి అందేచోట పెట్టుకోండి. డిక్కీలో కాదు!

ఆటోనగర్_పాతకాపు
మీ బాధ నాకు తెలుసండి, మా షెడ్డుకి ఆ నెలంతా వరద బళ్లే వచ్చాయి. దాని మీద నేనేం మాట్లాడను. కానీ మాస్టారు నన్ను వాట్సాప్ అన్నారు. అది వెనక్కి తీసుకోవాలి.

ఫిజిక్స్_మాస్టారు (గుంటూరు)
కథని అన్నానండీ, మిమ్మల్ని కాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
"అత్తామామలు మాత్రమే" అంటే ఏంటండి? వాళ్ల మెడలు మెడలు కావా? పోయినేడు వారధి మీద ట్రాఫిక్ ఆగి ఉంటే వెనకనుంచి ఒకాయన కారుతో గుద్దాడు. పెద్ద స్పీడు కూడా కాదు, బంపరు నొక్కుకుపోయింది, అంతే. వెనక మా అమ్మ కూర్చుంది. నేనే, బాగా కనపడుతుందని, ఆమె హెడ్‌రెస్టు పూర్తిగా కిందికి దించి పెట్టా. మూడు వారాలు మెడకి పట్టీ. ఇప్పటికీ చలికాలం వస్తే మెడ పట్టుకుని కూర్చుంటుంది, నన్ను ఒక్క మాట అనదు. అదే నాకు ఎక్కువ బాధ. మనిషి ఎక్కితే హెడ్‌రెస్టు పైకి లేపాలి, కనీసం చెవుల ఎత్తుకి రావాలి. ఎవరూ లేనప్పుడు దించుకోండి, ఎవరొద్దన్నారు? ఇంకోటి, మా చిన్నదాని కార్ సీటు ముందు ఈ హెడ్‌రెస్టులు ఏపాటి? సగం గ్లాసు అదే మూసేస్తుంది. నేను మెడ తిప్పి, మిర్రర్లు చూసి, మా పెద్దోడిని కిందికి దింపి పక్కన నిలబెట్టి మరీ తీస్తున్నా.

మిర్చియార్డు_మామ
అమ్మా, ఆఖరి మాట ఒక్కటి వద్దు. రివర్స్ కొట్టేటప్పుడు పిల్లలని కింద నిలబెట్టొద్దు. ఆ ఎత్తు పిల్లలు ఏ మిర్రర్‌లోనూ కనపడరు.

ఇద్దరు_పిల్లల_తల్లి
వాడు పక్కన, గోడ దగ్గర నిలబడతాడండి. అయినా మీరన్నది నిజమే. ఇక వాచ్‌మన్‌నే పిలుస్తా.

బెంజిసర్కిల్_రోజూ
వాచ్‌మన్‌నా! మా వాచ్‌మన్ "రానీ రానీ రానీ" అంటాడు, ధడేల్మన్నాక "ఆపండి సార్" అంటాడు.

మిర్చియార్డు_మామ
సెన్సార్లు, కెమెరా పెట్టించుకోమని ఎవరూ అనరేంది? 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ సెన్సార్లు తప్పనిసరి. నీది 2016 కాబట్టి వచ్చి ఉండదు. నేను పాత బండికి రెండూ వేయించా. అయితే వాటినే నమ్ముకున్నా మునుగుతావు. సన్నని ఇనప కమ్మీ ఉంటే సెన్సార్ కుయ్యిమనదు, కింద గట్టు ఉన్నా అంతే. మురుగు కాలవైతే అసలు దానికి లెక్కే లేదు, ఖాళీ కదా, ఏమీ లేదనుకుంటుంది. కెమెరా మీద బురద చుక్క పడిందా, టీవీలో పొగమంచు. రోజూ ఒక గుడ్డతో తుడవాలి. మా యార్డు దుమ్ముకైతే రెండు పూటలా.

గవర్నర్‌పేట_నీడ
సెకండ్‌హ్యాండ్ అన్నావు, వెనక గ్లాసుకి నల్ల ఫిల్మ్ ఉందా చూడు బ్రదర్. చాలామంది హెడ్‌రెస్టుల్ని తిడతారు, అసలు దొంగ ఫిల్మే. సెల్లార్ చీకట్లో నల్ల ఫిల్మ్ అంటే కళ్లకు గంతలే. 2012లోనే సుప్రీంకోర్టు ఫిల్ములు వద్దంది. ముందు, వెనక గ్లాసుల్లోంచి 70 శాతం, పక్క వాటిల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి.

కృష్ణలంక_కుర్రోడు
విజయవాడ ఎండలో ఫిల్మ్ లేకుండా మే నెల ఒక్కరోజు తిరిగి చూపించు అన్నా. కోర్టుకి ఏసీ ఉంటుంది.

గవర్నర్‌పేట_నీడ
నేను తిరుగుతున్నా. ఎండలో పెట్టినప్పుడు ముందు అద్దానికి అట్ట అడ్డం పెడతా, ఎక్కేముందు అద్దాలు దించి రెండు నిమిషాలు వేడి పోనిస్తా. నువ్వు కట్టిన ఫైన్లు ఎన్నో చెప్పు ముందు.

కృష్ణలంక_కుర్రోడు
అది పర్సనల్.

బెంజిసర్కిల్_రోజూ
ఫైన్ అంటే గుర్తొచ్చింది, పాపం ఆయన పోలీసుల గురించి కూడా అడిగాడు. హెడ్‌రెస్టు లేదని ఆపినవాళ్లని నేనైతే చూడలేదు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే మాత్రం 1000 రూపాయలు, మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 194బి. అత్తామామలకి బెల్టు పెట్టించడం నీ వల్ల అవుతుందా అన్నది వేరే విషయం.

ఆటోనగర్_పాతకాపు
ఇంకా ఒకటి. రేపటినుంచి ఒక వారం లోపలి మిర్రర్‌ని పైకి తిప్పేసి, సైడు మిర్రర్లతోనే సెల్లార్‌లో పెట్టి చూడు అబ్బాయ్. మొదటి రెండు రోజులు చెమట పడుతుంది. తర్వాత నాకు ఫోన్ చేసి టీ ఇప్పిస్తావు.

సెల్లార్_కష్టాలు (బ్రాడీపేట)
అందరికీ థాంక్స్ అండి. అక్కా, మీ మాటకి నిజంగా సిగ్గేసింది. పక్కవి రెండూ ఉంచేశా, ఆదివారం మామగారు ఎక్కేముందు నేనే లేపి పెట్టా. "ఏంటి అల్లుడూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా" అన్నారు. మధ్యది తీసి అటక మీద పెట్టా, పాత దుప్పటిలో చుట్టి. వెనక గ్లాసుకి ఫిల్మ్ ఉంది, నిన్న గీకించా. పాతకాపు గారు చెప్పినట్టే ఎడమ మిర్రర్ దించుకున్నా. ఈరోజు సాయంత్రం వెనకంతా అరచేతిలో ఉన్నట్టు కనపడింది. రెండు పిల్లర్లకీ సమానంగా జానెడు దూరం. ఇంతలో ముందు కర్‌ర్‌ర్ మని చప్పుడు. ఎదురుగా జనరేటర్ గది గోడ. ముందు కుడి బంపరు. ఇది ఎవరూ చెప్పలేదేంటండి?

కొత్తపేట_ఎల్‌బోర్డు
పైకి వెళ్లి ఐదో పోస్టు చదవండి.

ఆటోనగర్_పాతకాపు
బంపరు ఊడలేదుగా? గీతైతే షెడ్డుకి తీసుకురా, చూద్దాం. అటక మీది హెడ్‌రెస్టు కూడా తీసుకురా. మాస్టారిని కూడా రమ్మను, షెడ్డు వెనక పాత తలుపు ఒకటుంది, అద్దంతో సహా.