రేడియో వార్తల్లో పక్షపాతాన్ని లెక్కకట్టేదెలా?

రాజాం నుంచి ప్రశ్న: రేడియో వార్తలు అధికార పార్టీ బాకా అని ఇక్కడ చాలామంది వినడమే మానేశారు. నిజమో కాదో తేల్చడం ఎలాగండీ?

బొబ్బిలి నుంచి జవాబు: ఒకే బులెటిన్ 15 రోజులు రికార్డు చెయ్యండి. ప్రతి వార్తకీ రాసుకోండి: ఎన్నోది, ఎన్ని సెకన్లు, ఎవరి మాట, ఎదుటిపక్షం స్పందన ఉందా. తుపాను హెచ్చరికను పార్టీ ఖాతాలో వేశారో, లెక్క తప్పుతుంది. క్రియాపదాలు జాగ్రత్తగా వినండి. ఒకరు ‘స్పష్టం చేశారు’, ఇంకొకరు ‘ఆరోపించారు’. పక్షపాతం దాక్కునేది ఎక్కువగా అక్కడేనండీ.

నరసన్నపేట నుంచి ఇంకో జవాబు: ఎన్నికల కోడ్ రోజులు కలపకండి, అప్పుడు పార్టీలకు విడిగా ప్రసార సమయం ఇస్తారు. అసలు చిక్కు డబ్బుది. ఆకాశవాణిని స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ కిందకి తెచ్చే ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి 1997లో అమలైనా, జీతాలు కేంద్రం గ్రాంటువే. ప్రైవేటు ఎఫ్‌ఎంలకేమో సొంత వార్తలకు అనుమతి లేదు. పోల్చి వినడానికి ఇంకో గొంతు లేకపోతే అనుమానం ఎలా తీరుతుంది?