ఒక్క కాఫీకి ఎంతసేపు కూర్చోవచ్చు?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర హోటల్లో కాఫీ తాగి, ఫోన్ ఛార్జింగ్ పెట్టి, బాత్రూం వాడుకుని గంట కూర్చుంటే సర్వర్ మొహం మాడ్చుకున్నాడు. బిల్లు కట్టినా ఇంత చిన్నచూపా?

– ఏ టైంలో అండీ? పొద్దున టిఫిన్ వేళ, కొండ దిగొచ్చిన జనం పిల్లల్ని ఎత్తుకుని మీ కుర్చీ పక్కనే నిలబడి ఉంటే కదలకపోవడం తప్పే. మధ్యాహ్నం మూడింటికైతే ఎవరూ పట్టించుకోరు.

– బాత్రూంకి మొహమాటమెందుకు, కౌంటర్లో అడిగి వెళ్లండి. 2017లో దక్షిణ ఢిల్లీ కార్పొరేషన్ హోటళ్ల బాత్రూములు బయటివాళ్లకూ తెరవమంది, కావాలంటే 5 రూపాయల దాకా తీసుకోమంది.

– బస్టాండు దగ్గర శ్రీనివాసం, స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, టీటీడీవాళ్లు యాత్రికులకే కట్టిన వసతి గృహాలు కదబ్బా, ముందు అక్కడ చూడు. హోటల్లోనే కూర్చోవాలంటే ఇంకో వడ చెప్పు.